ఆన్‌ఫీల్డ్‌కి వేసిన పై వాటా

మా ఇంటి నుంచి ఆన్‌ఫీల్డ్ స్టేడియానికి, అంటే ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు సొంత మైదానానికి, నడిస్తే పది నిమిషాలు. మ్యాచ్ రోజు గోల్ పడితే ఆ కేక ముందు కిటికీలోంచి వస్తుంది. తర్వాత అర నిమిషానికి గానీ నా ల్యాప్‌టాప్‌లో గోల్ పడదు. లివర్‌పూల్ వేస్తే కిటికీ అద్దాలు సన్నగా అదురుతాయి. ఎదుటి జట్టు వేస్తే ఎక్కడో ఒక మూల నుంచి, నూతిలోంచి వచ్చినట్టు వస్తుంది శబ్దం. పక్కింట్లో పద్నాలుగేళ్ల కుర్రాడున్నాడు. కేక వినగానే గోడ మీద రెండు గుద్దులు గుద్దుతాడు, నాకు తెలియాలని. పుట్టినప్పటి నుంచి ఈ వీధిలోనే ఉన్నాడు. స్టేడియం లోపలికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు.

నేను ఏడెనిమిది సార్లు వెళ్లాను. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి, పాతికేళ్లు వచ్చేదాకా ఫుట్‌బాల్‌ని టీవీలో తప్ప చూడని నేను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ వ్యాసంలో నేను తిట్టబోయే మనుషుల్లో నేనూ ఒకణ్ణి.

ఆ మధ్య మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెద్ద వాదన జరిగింది. మాంచెస్టర్ యునైటెడ్ లక్ష సీట్ల కొత్త స్టేడియం కడతామని 2025 మార్చిలో ప్రకటించిందిగా, ఖర్చు 200 కోట్ల పౌండ్లు. హైదరాబాద్‌లో ఉన్న మావాడు తేల్చేశాడు: "సీట్లు పెంచకపోతే ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆదాయం లేకపోతే ఆటగాళ్లు ఎలా వస్తారు? ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అందరూ తలలూపారు. నేను యునైటెడ్ మనిషిని కాను, వాళ్ల బాధలు వాళ్లు పడతారు. కానీ నా కిటికీకి ఎదురుగా పెరిగిన స్టేడియం గురించి మాత్రం నాకు చెప్పాల్సింది ఉంది.

స్టేడియం పెంచాలి. ఆ విషయంలో నాకు అనుమానం లేదు. అయితే ఆదాయం కోసమే అని మొదలుపెడితే ఆ పెరిగిన కుర్చీల్లో పక్కింటి కుర్రాడికి చోటు దొరకదు. అది ఎవరి దుర్మార్గమూ కాదు, కాగితం మీద వేసే లెక్కే వాణ్ణి బయట పెడుతుంది. ఆ లెక్క తర్వాత చూపిస్తాను.

మా నాన్న 2009లో ఇంటి మీద పై వాటా వేశారు. అద్దె వస్తుంది, వడ్డీ పోను ఎంతో కొంత మిగులుతుంది అని ఆయన ధీమా. ఇల్లు కట్టి చూడు అన్న మాట ఆయనకు తెలియక కాదు. మధ్యలో సిమెంటు ధర పెరిగింది. స్లాబు పడ్డాక మేస్త్రీకి ఇంకో ఊళ్లో పని తగిలి మాయమైపోయాడు. ఎలాగో పూర్తయి అద్దెకు దిగారు. అప్పుడు తెలిసింది, బోరు రెండు కుటుంబాలకు చాలదని. పొద్దున్నే కింద మా అమ్మ కుళాయి తిప్పితే గాలి వచ్చేది. అద్దె మాత్రం ఒకటో తారీఖునే ఠంచనుగా వచ్చేది. అది తీసుకెళ్లి నాన్న బ్యాంకులో కట్టి వచ్చేవారు.

ఆన్‌ఫీల్డ్ కథ కూడా దాదాపు ఇంతే, సున్నాలు ఎక్కువ.

ఈ స్టేడియం ఊరి చివర పొలాల్లో లేదు. ఎర్ర ఇటుకల ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉన్న వీధుల మధ్య ఇరుక్కుని ఉంది. కాబట్టి ఎటు పెరగాలన్నా ఎవరో ఒకరి ఇల్లు పోవాలి. కెమ్లిన్ రోడ్ వైపు స్టాండు పెంచాలనుకున్నప్పుడు క్లబ్బు ఆ వీధిలో ఇళ్లన్నీ కొనేసింది, ఒక్కటి తప్ప. ఆ ఇంట్లో ఉన్న ఇద్దరు అక్కాచెల్లెళ్లు అమ్మం అన్నారు. ఏళ్ల తరబడి అన్నారు. చుట్టూ ఇళ్లు పడగొట్టేశాక కూడా ఆ ఒక్క ఇల్లు స్టేడియం పక్కన నిలబడే ఉంది. చివరికి 1990లో ఒప్పుకున్నారు, 1992లో సెంటినరీ స్టాండు తెరిచారు. ఇప్పుడు దానికి కెన్నీ డాల్‌గ్లిష్ పేరు. ఆ తర్వాత మెయిన్ స్టాండు వెనక లోథైర్ రోడ్ వైపూ ఇదే పద్ధతి. క్లబ్బు ఇళ్లు కొని ఖాళీగా పెట్టింది, కిటికీలకు రేకులు కొట్టారు, రేకులు కొట్టిన ఇళ్ల మధ్య ఉండలేక మిగిలినవాళ్లు నీరసించారు. 2013లో బ్రిటిష్ పత్రికలు దీని గురించి గట్టిగానే రాశాయి. ఆ ఇళ్లు పోయిన చోటే ఇప్పుడు మెయిన్ స్టాండు ముందు విశాలమైన ఆవరణ. అక్కడ నిలబడి నేనూ సెల్ఫీ తీసుకున్నాను.

సీట్లకూ రేట్లకూ ముడి ఎక్కడ పడిందో తెలియాలంటే 1989కి వెళ్లాలి. హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిడిలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. దాని మీద జస్టిస్ టేలర్ ఇచ్చిన నివేదిక తర్వాత పెద్ద క్లబ్బులన్నీ నిలబడి చూసే మెట్లు తీసేసి కుర్చీలు వేయాల్సి వచ్చింది. ఆన్‌ఫీల్డ్‌లో గోల్ వెనక, వీరాభిమానులు చేరే కాప్ స్టాండులో ఒకప్పుడు 28 వేల మంది దాకా నిలబడేవారు, అది 1994 తర్వాత 12 వేల పైచిలుకు సీట్లకు కుదించుకుపోయింది. రేట్లు పెరిగాయి. తమాషా ఏమిటంటే, కుర్చీలు వేశాం కదా అని పేదవాడి టికెట్ పెంచాల్సిన పనిలేదని టేలర్ తన నివేదికలోనే రాశారు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో అప్పట్లో సీటు 6 పౌండ్లు, నిలబడితే 4 పౌండ్లు అని ఉదాహరణ కూడా చూపించారు. క్లబ్బులు కుర్చీల పేజీ చదివాయి, రేట్ల పేజీ చదవకుండా తిప్పేశాయి.

2007లో ఇద్దరు అమెరికన్లు, హిక్స్, జిలెట్, లివర్‌పూల్‌ని కొన్నారు. పక్కనే ఉన్న స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం, 60 రోజుల్లో పార నేలను తాకాలి అన్నారు. పార తాకలేదు. క్లబ్బు కొనడానికి చేసిన అప్పు మాత్రం క్లబ్బు నెత్తి మీదే పడింది. 2010 అక్టోబరులో వ్యవహారం లండన్ కోర్టు దాకా వెళ్లి, 30 కోట్ల పౌండ్లకు ఇప్పటి యజమానులైన ఫెన్‌వే గ్రూపు చేతికి వచ్చింది. వీళ్లు బోస్టన్‌లో తమ పాత బేస్‌బాల్ మైదానాన్ని పడగొట్టకుండా, ఉన్నచోటే సీట్లు పెంచుకున్నవాళ్లు. ఇక్కడా 2012లో అదే నిర్ణయించారు: ఇల్లు మారం, పై వాటా వేస్తాం. ఈ నిర్ణయానికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

2016లో కొత్త మెయిన్ స్టాండు వచ్చింది. సుమారు 8,500 సీట్లు పెరిగాయి, మొత్తం 54 వేలయింది. కానీ ఆ స్టాండు తెరవకముందే, ఆ ఏడాది ఫిబ్రవరిలో, కొత్త టికెట్ రేట్లు బయటికొచ్చాయి. కొన్ని సీట్లకు 77 పౌండ్లు. సీజన్ టికెట్ మొదటిసారి వెయ్యి పౌండ్లు దాటుతుంది. ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్. కోచ్ క్లాప్ ఆ రోజు లేడు, అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకున్నాడు. లివర్‌పూల్ 2-0తో హాయిగా గెలుస్తోంది. గడియారం 77 నిమిషాలు చూపించగానే జనం లేవడం మొదలుపెట్టారు. దాదాపు పది వేల మంది అని అంచనా. గెలుస్తున్న జట్టుకు వీపు తిప్పి బయటికి నడిచారు. స్టాండులో ఎర్ర కుర్చీలు ఒక్కొక్కటీ బయటపడుతుంటే టీవీలో చూశాను, అప్పుడు నేనింకా హైదరాబాద్‌లోనే ఉన్నాను, రాత్రి పది దాటింది. జనం వెళ్లిపోయాక సండర్లాండ్ రెండు గోల్స్ వేసి 2-2 చేసింది. కథగా రాస్తే సంపాదకుడు అతిగా ఉందని కొట్టేసేవాడు.

నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పారు. 77 పోయింది, మామూలు సీట్లకు గరిష్ఠ ధర పాత 59 పౌండ్లే అన్నారు. ఈ సంఘటనలో నాకు ముఖ్యమనిపించేది వేరే. సీట్లు పెరిగితే గిరాకీ ఒత్తిడి తగ్గి రేట్లు దిగుతాయని ఎకనమిక్స్ చదివినవాళ్లు చెబుతారు. ఇక్కడ సీట్లూ రేట్లూ ఒకే ప్రకటనలో కలిసి పైకెళ్లబోయాయి. కొత్త స్టాండు ఖర్చు పది కోట్ల పౌండ్లు దాటింది, ఆ డబ్బు ఎవరో ఒకరు తిరిగి ఇవ్వాలి కదా.

ఇక రెండో పై వాటా, ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండు. 8 కోట్ల పౌండ్లు, 7 వేల సీట్లు. 2021లో మొదలైంది. 2023లో, పని ఇంకా పూర్తికాకుండానే, కడుతున్న బకింగ్‌హామ్ గ్రూపు దివాలా తీసింది. మా నాన్నకి ఫోన్లో చెబితే పగలబడి నవ్వారు. "అక్కడ కూడా మేస్త్రీలు అంతేనట్రా" అని. ఆ డిసెంబరులో యునైటెడ్‌తో మ్యాచ్‌కి పై అంతస్తు సగం సగం తెరిచారు, 57 వేల మంది వచ్చారు, ఒక్క గోల్ కూడా పడలేదు. ఇప్పుడు మొత్తం 61 వేలకు పైనే.

ఆ 7 వేలలో మామూలు సీట్లు దాదాపు 5,200, లాంజ్ భోజనంతో కూడిన ఖరీదైన సీట్లు 1,800. ఇప్పుడు ఇందాక చెప్పిన లెక్క. ఇది నా కాగితం లెక్కే, క్లబ్బుది కాదు. సీజన్‌కి సొంత మైదానంలో 25 మ్యాచ్‌లు అనుకుందాం. మామూలు సీటు సగటున 45 పౌండ్లు. 5,200 సీట్లకు ఏడాదికి 58.5 లక్షల పౌండ్లు. లాంజ్ సీటు 200 పౌండ్లే వేద్దాం. 1,800 సీట్లకు 90 లక్షల పౌండ్లు. పన్నులు, భోజనం ఖర్చు తీసేయలేదు, తీసేసినా ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. పావు వంతు సీట్లు మిగతా ముప్పావు వంతు కంటే ఎక్కువ తెస్తాయి. ఆదాయమే ధ్యేయంగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి తర్వాతి స్టాండు గీయమంటే 5,200, 1,800 అనే పంపకాన్ని అలాగే ఉంచుతాడా? ఉంచితే వాడి ఉద్యోగం పోతుంది.

సరే, ఆ డబ్బు ఎక్కడికెళుతుంది? వారానికి 2 లక్షల పౌండ్లు తీసుకునే ఆటగాడికి ఏడాదికి కోటీ నాలుగు లక్షలు. అంటే 5,200 మంది మామూలు అభిమానులు ఏడాది పొడవునా వానలో తడిసి వచ్చి కట్టిన డబ్బు అలాంటి ఒక్కడి జీతంలో సగం దాటి కాస్త.

క్లబ్బు 2023-24 లెక్కలు చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. మ్యాచ్‌రోజు ఆదాయం తొలిసారి 10 కోట్ల పౌండ్లు దాటింది, 10.2 కోట్లు. అంతకుముందు ఏడాది కంటే 2.2 కోట్లు ఎక్కువ. భేష్. కానీ అదే ఏడాది యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌లో కాకుండా, దాని కింది మెట్టు యూరోపా లీగ్‌లో ఆడినందుకు టీవీ డబ్బు 3.8 కోట్లు పడిపోయి 20.4కి వచ్చింది. స్పాన్సర్లూ చొక్కాలూ వగైరా 30.8 కోట్లు. మొత్తం 61.4. జీతాలే 38.6 కోట్లు. చివర్లో 5.7 కోట్ల నష్టం. రికార్డు గేటు వసూళ్ల ఏడాదిలోనే ఇంత నష్టం. అంతకుముందు సీజన్‌లో ఇంగ్లండ్ లీగులో ఒక మెట్టు కింద ముగించినందుకు పోయిన డబ్బు ముందు కొత్త స్టాండు తెచ్చింది చాలలేదు.

నాకు ఎదురు చెప్పేవాళ్ల దగ్గర మంచి అస్త్రాలే ఉన్నాయి. ప్రీమియర్ లీగ్ ఖర్చుల నిబంధనల్లో స్టేడియం మీద పెట్టిన డబ్బును పరిమితి లెక్కలోకి తీసుకోరు, అది తెచ్చే ఆదాయాన్ని మాత్రం లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి కాంక్రీటు మీద పెట్టడం తెలివైన పని. ఇది నిజమే. ఆర్సెనల్‌ని చూడు అంటారు. 38 వేల సీట్ల హైబరీని వదిలి 2006లో 60 వేల సీట్ల ఎమిరేట్స్‌కి వెళ్లి మ్యాచ్‌రోజు వసూళ్లు రెట్టింపు చేసుకుంది. అదీ నిజమే. అయితే 39 కోట్ల పౌండ్ల ఖర్చు తీరేదాకా ఏం జరిగింది? 2005లో ఎఫ్ఏ కప్పు తర్వాత మళ్లీ కప్పు ఎత్తింది 2014లో. మధ్యలో పేరున్న ఆటగాళ్లు ఫాబ్రెగాస్, నాస్రీ, వాన్ పెర్సీ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. టాటెన్‌హామ్ అయితే కొత్త స్టేడియం పూర్తవుతున్న 2018 వేసవిలో ఒక్క ఆటగాణ్ణి కూడా కొనలేదు. "ఆటగాళ్ల కోసమే స్టేడియం" అన్న మాట వినడానికి బాగుంటుంది, కానీ పదేళ్ల పాటు స్టేడియం కోసమే ఆటగాళ్లు.

అన్నిటికంటే బలమైన వాదన ఇంకొకటి, దీనితో నేను చాలా రోజులు కుస్తీ పట్టాను. లాంజ్‌లో కూర్చునే డబ్బున్నవాడి దగ్గర గుంజితేనే కదా మామూలువాడి టికెట్ తక్కువకు ఇవ్వగలిగేది? కింద వాటా వాళ్లకి సుఖం పై వాటా అద్దె వల్లే కదా?

అలా ఇస్తే నాకు పేచీ లేదు. ఇస్తామని ముందే రాసి సంతకం పెట్టిన క్లబ్బు నా కంటబడలేదు.

అసలు లాంజ్ అంటే ఏమిటో నాకు నాన్న చూపించారు. అమ్మా నాన్నా వచ్చినప్పుడు లండన్‌లో ఒక మ్యాచ్‌కి తీసుకెళ్లాను, ఏ క్లబ్బో ఎందుకులెండి. మామూలు టికెట్లు దొరకలేదు, ఆయన కాళ్ల నొప్పులకి మెత్తటి సీటుంటే బాగుంటుందని లాంజ్ టికెట్లు కొన్నాను. "ఎంత పెట్టావురా?" అని అడిగారు. "ఇప్పుడెందుకు నాన్నా" అని దాటేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పేసింది. ఎకరం కౌలు, అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడారు.

లాంజ్‌లో తెల్ల టేబుల్ క్లాత్‌లు, గోడకు పాత జట్ల ఫోటోలు. విరామంలో అందరం లోపలికొచ్చాం. నాకు చీజ్‌కేక్ వచ్చింది. గోడ మీద టీవీలో రెండో సగం మొదలైంది, ఎవరూ కదల్లేదు. నాన్న అటూ ఇటూ చూశారు. "ఆట మొదలైందిరా, పద." "వెళ్దాం నాన్నా, ఇది తినేసి." ఆయన ఒక్కరే లేచి బయటికి వెళ్లారు. అద్దంలోంచి చూస్తే మెత్తటి సీట్ల వరసలన్నీ ఖాళీ, మధ్యలో మంకీ క్యాప్ పెట్టుకుని మా నాన్న ఒక్కరు. ఎదురుగా, మైదానానికి ఆ చివర, జనం నిలబడి పాడుతున్నారు. నేను వెళ్లేసరికి ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఆయన తల తిప్పకుండానే అడిగారు, "వీళ్లు భోజనానికొచ్చారా, ఆటకొచ్చారా?"

టీవీ వాళ్లు కోట్లు పోసి కొనేది ఎదురు స్టాండులోని ఆ పాటని కూడా. ఆ 20.4 కోట్లు, ఆ 30.8 కోట్లు, రెండిట్లోనూ కాప్‌లో గొంతు చించుకునేవాళ్ల వాటా ఉంది, జీతం లేకుండా. 2024 ఏప్రిల్‌లో, కొత్త స్టాండు పూర్తయిన కొద్ది వారాలకే, క్లబ్బు టికెట్ల మీద 2 శాతం పెంచింది. ఇటలీ జట్టు అటలాంటాతో యూరోపా లీగ్ మ్యాచ్‌కి కాప్ అభిమానులు తమ జెండాలు తీసుకురాలేదు. ఆ రాత్రి కాప్ బోసి గోడలా ఉంది. లివర్‌పూల్ 0-3తో ఓడింది. ఓటమికి జెండాలే కారణం అనను, అంత మూఢనమ్మకం నాకు లేదు. కొంచెం ఉంది. 2025-26కి రేట్లు పెంచలేదు.

మరి నన్నడిగితే? ఇంకో కాగితం లెక్క చూడండి. ఆ కొత్త 5,200 సీట్లనీ 45కి బదులు 20 పౌండ్లకే, ఊళ్లోవాళ్లకీ కుర్రవాళ్లకీ ఇచ్చేస్తే క్లబ్బు పోగొట్టుకునేది ఏడాదికి 32.5 లక్షల పౌండ్లు. 61.4 కోట్ల ఆదాయంలో అది నూటికి అర్ధ రూపాయి. స్థానికులకు 9 పౌండ్ల టికెట్లు ఇప్పటికీ ఉన్నాయి, కానీ వేళ్ల మీద లెక్కపెట్టినట్టు ఉంటాయి. పార నేలను తాకకముందే కొత్త సీట్లలో ఎన్ని ఎవరికి, ఏ ధరకి, ఎన్నేళ్ల దాకా అనేది రాసి గోడకు అంటించిన క్లబ్బు అయితే ఇంకో పై వాటా వేసుకున్నా నేను జిందాబాద్ అంటాను. లాంజ్‌లో నాలాంటివాళ్ల దగ్గర ఎంతైనా గుంజుకోనీ.

మా గ్రూపులో ఇది చెబితే హైదరాబాద్ వాడు "మనకైతే కుర్చీలున్నాయి, క్లబ్బే లేదు" అన్నాడు. అదీ నిజమే. 2022లో మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ నాలుగేళ్లు తిరక్కుండానే పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. గచ్చిబౌలిలో కుర్చీలు అక్కడే ఉన్నాయి. ఆ కథ ఇంకోసారి.

పక్కింటి కుర్రాడి కోసం వాళ్లమ్మా నేనూ కలిసి ఈ సీజన్‌లో రెండుసార్లు స్థానికుల టికెట్ కోసం ఆన్‌లైన్ క్యూలో కూర్చున్నాం. రెండుసార్లూ మా వంతు వచ్చేసరికి అయిపోయాయి. లాంజ్ టికెట్లు మాత్రం ఉన్నాయని చూపించింది. ఆవిడ రేటు చూసి ల్యాప్‌టాప్ మూసి, టీ పెట్టింది.

మొన్న ఆదివారం కూడా మ్యాచ్ ఉంది. గోడ మీద రెండు గుద్దులు వినపడ్డాయి. నా స్క్రీన్ మీద ఇంకా ఎవరో త్రో-ఇన్ కోసం బంతి తుడుచుకుంటున్నారు.